సూది లేదు, దూకక్కర్లేదు

మాతో విమానం నుంచి పారాచ్యూట్‌తో దూకే ఒకాయనకి లుకేమియా (రక్త క్యాన్సర్) అని తెలిసినప్పటి నుంచి ఇక్కడ కాలిఫోర్నియాలోని పెర్రిస్‌లో ఒకటే హడావిడి. ఒకరు జంప్ టికెట్లు వేలం వేస్తున్నారు, ఇంకొకరు పారాచ్యూట్లు ప్యాక్ చేసి వచ్చిన డబ్బంతా ఇచ్చేస్తున్నారు (అదెంత నడుం నొప్పో చేసినవాళ్ళకే తెలుసు). 2009లో ఇక్కడే 181 మంది ఆడవాళ్ళు గాల్లో ఒకరినొకరు పట్టుకుని రికార్డు కొట్టి, రొమ్ము క్యాన్సర్ పరిశోధనకి విరాళాలు పోగుచేశారు, అంచేత ఈ ఊరికి ఇది కొత్తేం కాదు.

కానీ ఈయనకి డబ్బు కన్నా ముందు ఎవరైనా దానం చేసే మూలకణాలు (రక్తాన్ని తయారుచేసే కణాలు) కావాలి. మనవాడే. ఆయనకి సరిపోయే మ్యాచ్ ఎక్కువగా మన మూలాలున్నవాళ్ళలోనే దొరుకుతుంది, దాతల పేర్లుండే రిజిస్ట్రీలోనేమో మనవాళ్ళు తక్కువ. పేరు నమోదుకి చెంప లోపల దూదిపుల్లతో రుద్దితే చాలు. 13 వేల అడుగుల నుంచి దూకేవాడొకడు సూదంటే భయమని వెనకాడుతున్నాడు, సూది లేదురా బాబూ! 18 నుంచి 40 లోపు వాళ్ళు శనివారం వచ్చేయండి.