కియాంటి కొండల్లో తెల్లమట్టి రోడ్లు

ఇటలీలోని టస్కనీ ఫొటోల్లో కొండలు నున్నగా, తేలిగ్గా ఎక్కేసేలా కనిపిస్తాయి. నమ్మకండి. అక్కడి కియాంటి ప్రాంతంలో గయోలే అనే ఊరి నుంచి రాద్దా అనే ఊరి వైపు మౌంటెన్ బైక్ మీద బయల్దేరితే అసలు సంగతి తెలుస్తుంది. హమ్మయ్య ఎక్కేశాం అనుకుంటే మలుపు, మలుపు తిరిగితే మళ్లీ ఎత్తు.

మజా అంతా ఆ తెల్ల కంకర రోడ్లదే. పల్లంలో వెనక బ్రేకు కాస్త గట్టిగా నొక్కితే చాలు, చక్రం పక్కకి జారుతుంది. చెయిన్ మీద సున్నం లాంటి పొడి పేరుకుని కరకరమంటుంది. ఈ రోడ్లు తారు కిందకి పోకూడదనే 1997లో గయోలేలో 'లెరోయికా' అని పాత సైకిళ్ల రైడ్ మొదలుపెట్టారు. 2007 నుంచి ఇలాంటి రోడ్ల మీదే ప్రొఫెషనల్ రేసూ జరుగుతోంది. సన్నటి టైర్లతో వాళ్లెలా తొక్కుతారో మరి!

ఆయాసం తీర్చుకుంటూ చూస్తే కొన్ని ద్రాక్షతోటల్లో ప్రతి వరస చివరా ఓ గులాబీ మొక్క. బూజు తెగులు ముందు దానికే పట్టి రైతును హెచ్చరిస్తుందని నాటేవారట.

ఆ ప్రొఫెషనల్ రేసులో చివరి ఎత్తు సియెనా నగరంలోని శాంటా కేటెరినా వీధి. రాళ్లు పరిచిన సందు, 16 శాతం దాకా వాలు. నేను దిగి నడిపించుకుంటూనే వెళ్లాను, మొహమాటం ఏమీ లేకుండా.