‘నా మీద’ నుంచి ‘విత్ మీ’ దాకా

చెన్నైలో పెరుగుతున్న మా పిల్లలిద్దరి ఇంగ్లీషును ఇన్నేళ్లుగా దగ్గరుండి వింటున్న తల్లిగా నాకు ఒక సంగతి రూఢి అయింది. పాఠ్యపుస్తకాలలోని పెద్ద పెద్ద మాటలు వారిని ఏమంత ఇబ్బంది పెట్టవు. వాటిని బడి నేర్పుతుంది, పరీక్ష గుర్తుంచుకునేలా చేస్తుంది. తడబాటంతా ‘టు మీ’, ‘విత్ హిమ్’, ‘ఫర్ హర్’, ‘ఎట్ దెమ్’ వంటి రెండేసి చిన్న మాటల కలయిక దగ్గరే వస్తుంది. ఈ తడబాటుకు కారణం అజాగ్రత్త కాదు. ఇంట్లో మాట్లాడే తెలుగు, మెట్లు దిగితే వినబడే తమిళం, ఈ రెండూ పిల్లల నోట ఇంగ్లీషు మాటలను తమ పద్ధతిలో కూర్చుతున్నాయి. ఆ పద్ధతి ఏమిటో మనకు తెలిస్తే దిద్దడం సులువవుతుంది.

‘డు ము వు లు ప్రథమా విభక్తి’ అంటూ మనలో చాలామంది చిన్నప్పుడు వల్లె వేసిన వరుస, ఈ నగరంలోనే ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడిగా పనిచేసిన పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలోనిదే. తెలుగులో సర్వనామం ముందు వస్తుంది, విభక్తి దాని వెనక చేరుతుంది. విభక్తి తగలగానే సర్వనామం రూపం మారుతుంది: ‘నేను’ కాస్తా ‘నా’ అయి నాకు, నాతో, నాలో, నా మీద, నా కోసం అవుతుంది, ‘అతను’ అతనితో అవుతుంది, ‘మేము’ మాకు అవుతుంది. తమిళంలోనూ ఇదే తీరు. ‘నాన్’ అన్నది ‘ఎన్’గా మారి ‘ఎనక్కు’ అవుతుంది. ఇంగ్లీషులో వరుస తిరగబడి ‘టు’, ‘విత్’, ‘ఫర్’ ముందుకు వస్తాయి, సర్వనామం వెనక నిలుస్తుంది. అయితే అక్కడ కూడా సర్వనామం ఊరికే ఉండదు. ‘ఐ’ ‘మీ’గా, ‘హీ’ ‘హిమ్’గా, ‘షీ’ ‘హర్’గా, ‘వీ’ ‘అస్’గా, ‘దే’ ‘దెమ్’గా మారుతాయి, ‘యూ’, ‘ఇట్’ మాత్రం మారవు. రూపం మారడమనేది రెండు భాషలలోనూ ఉన్నదేనని ఒకసారి చూపిస్తే, ‘విత్ హీ’ అని ఎందుకు అనకూడదో పిల్లలకు వేరే సూత్రం చెప్పవలసిన పని ఉండదు. ‘అతను తో’ అంటామా అని అడిగితే చాలు.

అసలు చిక్కు రూపంలో కంటే, ఏ సందర్భంలో ఏ మాట వాడాలన్న దగ్గర ఎక్కువ. మా వాడు సాయంత్రం ఆడుకుని పైకి వచ్చి, తోటి పిల్లవాడి గురించి ‘హీ ఈజ్ యాంగ్రీ ఆన్ మీ’ అంటాడు. ‘నా మీద కోపంగా ఉన్నాడు’ అన్న మాట అది, ముక్కకు ముక్క. ఇంగ్లీషువారు ‘విత్ మీ’ లేదా ‘ఎట్ మీ’ అంటారు. కింద ఆడుకునే తమిళ పిల్లలకు కూడా ‘ఎన్ మేల కోవం’ అన్నదే అలవాటు కనుక, ఆ గుంపులో ‘ఆన్ మీ’ ఎవరికీ తప్పుగా వినిపించదు, ఎవరూ దిద్దరు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, ఒకే కుదురుకు చెందినవనీ ఈస్టిండియా కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో ఈ మద్రాసులోనే ఆధారాలతో చూపాడు; ఆ బంధుత్వం ఈనాటికీ పిల్లల ఆటల మధ్య ఇంగ్లీషు మాటల రూపంలో బయటపడుతూ ఉంటుంది.

‘దగ్గర’ విషయమూ ఇలాంటిదే. ‘నీ పెన్సిల్ నా దగ్గర ఉంది’ అన్నప్పుడు మన ఉద్దేశం అది నా వద్ద ఉన్నదని. ‘నా దగ్గర కూర్చో’ అన్నప్పుడు నా పక్కన అని. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీసి, మొదటిదానికి ‘విత్ మీ’ అనీ, రెండవదానికి ‘నియర్ మీ’ అనీ అంటుంది. ‘యువర్ పెన్సిల్ ఈజ్ నియర్ మీ’ అని మా అమ్మాయి అన్నప్పుడు, పెన్సిల్ ఎక్కడో చుట్టుపక్కల పడి ఉందనుకుని తమ్ముడు బల్ల కింద వెతికాడు. పెన్సిలేమో ఆమె జామెట్రీ బాక్సులోనే ఉంది.

‘చెప్పు’ అన్న ఒక్క మాటకు ఇంగ్లీషులో ‘సే’, ‘టెల్’ అని రెండు ఉండడం మరో పెద్ద మలుపు. ఆమెకు చెప్పాను అన్నప్పుడు ‘కు’ ఉంది కనుక పిల్లలు ‘టోల్డ్ టు హర్’ అంటారు. ‘సే’కు ‘టు’ కావాలి, ‘టెల్’కు అక్కరలేదు: ‘సెడ్ టు హర్’, ‘టోల్డ్ హర్’. ‘ఎక్స్‌ప్లెయిన్’ దగ్గర వ్యవహారం ఎదురు తిరుగుతుంది. ‘నాకు వివరించు’ అన్న తెలుగును నమ్ముకుంటే ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ’ అని సరిగ్గానే వస్తుంది, కానీ అప్పటికే ‘టెల్ మీ’ నేర్చుకున్న పిల్లలు దాని పోలికతో ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అనేస్తారు. ‘గివ్ మీ ద బుక్’ అనవచ్చు; ఆ పుస్తకం స్థానంలో ‘ఇట్’ వస్తే మాత్రం ‘గివ్ ఇట్ టు మీ’ అనడమే వాడుక.

నేను ఎక్కువ శ్రద్ధ పెట్టేది ‘స్విచాఫ్ ఇట్’ వంటి వాక్యాల మీద, ఎందుకంటే తెలుగులో వీటికి సాటి వచ్చే నిర్మాణం లేదు. ‘స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్’ అన్నా, ‘స్విచ్ ద ఫ్యాన్ ఆఫ్’ అన్నా ఒప్పే. ఫ్యాన్ బదులు ‘ఇట్’ వచ్చిందంటే అది నడుమనే కూర్చోవాలి: ‘స్విచ్ ఇట్ ఆఫ్’, ‘పిక్ దెమ్ అప్’. అదే ‘లుక్ ఆఫ్టర్ హర్’, ‘వెయిట్ ఫర్ హిమ్’ వంటి చోట్ల సర్వనామం చివరనే ఉండాలి. ఏది ఏ కోవకు చెందుతుందో చెప్పడానికి నేను వ్యాకరణ పరిభాష వాడకుండా చెవికి పని పెడతాను. బాగా మాట్లాడేవారు ‘స్విచ్ ఇట్ ఆఫ్’ అన్నప్పుడు గొంతు ‘ఆఫ్’ మీద ఒత్తి పలుకుతుంది. ‘వెయిట్ ఫర్ హిమ్’ అన్నప్పుడు ఒత్తు ‘వెయిట్’ మీద పడి, మిగిలిన రెండూ కలిసిపోయి ‘ఫరిమ్’ అన్నట్టు వినబడతాయి. మన ‘అతనికోసం’ ఎలా ఒకే ఊపిరిలో వస్తుందో అదీ అలాగే వస్తుంది. ‘హిమ్’లోని హకారం పోవడం చూసి పిల్లలు మొదట తికమకపడతారు, కానీ నాలుగు వాక్యాలు పైకి చదివించి, ఒత్తు పడిన మాట కింద గీత గీయమంటే వాళ్లే పట్టుకుంటారు. సర్వనామం అప్పటికే తెలిసిన వస్తువును సూచిస్తుంది కనుక దానికి ఒత్తు అక్కరలేదనీ, వాక్యం చివరి బరువైన చోటును ‘ఆఫ్’, ‘అప్’ లాంటివి తీసుకుంటాయనీ మా అమ్మాయికి ఇప్పుడు స్వయంగా అర్థమైంది.

ఇంగ్లీషు అలవాటు తెలుగులోకి వచ్చి పడే చోట్లు కూడా ఉన్నాయి, వాటిని నేను వెంటనే పట్టించుకుంటాను. ఆమధ్య మేమంతా కలిసి మహాబలిపురం వెళ్లాలనుకున్నప్పుడు మా వాడు వాళ్ల నాన్నను, ‘నాన్నా, అమ్మమ్మ మాతో వస్తుందా?’ అని అడిగాడు. ‘విత్ అస్’ అన్న ఒక్క రూపమే నోట నలిగితే ‘మాతో’కూ ‘మనతో’కూ తేడా చెరిగిపోతుంది. అడిగేది వెంట వచ్చే నాన్ననే అయినప్పుడు ‘మనతో’ అనాలి. ‘మాతో’ అంటే నాన్న రావడం లేదనే అర్థం. ఈ భేదం తమిళంలోనూ నిలిచి ఉంది: ‘ఎంగ కూడ’, ‘నమ్మ కూడ’. 2006లో చేసిన చట్టంతో తమిళనాడు బడులలో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది కనుక, నేను ఆ బడి తమిళాన్నే ఆసరాగా చేసుకుని ‘మనతో’ను తిరిగి నేర్పాను. ‘విత్ హిమ్’ కూడా ఇంతే. తెలుగులోకి వచ్చేసరికి తోటి పిల్లవాడైతే ‘వాడితో’, తాతగారైతే ‘ఆయనతో’ అని ఎంచుకోవలసి వస్తుంది. ‘హీ కెప్ట్ ద బ్యాగ్ బిసైడ్ హిమ్’ అంటే సంచి ఎవరి పక్కన ఉన్నదో సందర్భాన్ని బట్టి ఊహించాలి; తెలుగు ‘తన పక్కన’, ‘అతని పక్కన’ అని విడదీసి చెబుతుంది.

ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడితే ఈ తప్పులన్నీ పోతాయని సలహా ఇచ్చే బంధువులు, తోటి తల్లిదండ్రులు మాకు తక్కువ లేరు. నేను దానికి ఒప్పుకోను. అమ్మానాన్నల ఇంగ్లీషులో కూడా ‘ఆన్ మీ’లు ఉన్నప్పుడు ఇంటి ఇంగ్లీషు ఆ తప్పులనే గట్టిపరుస్తుంది, పైగా పోల్చి చూసుకోవడానికి ఉన్న తెలుగు కూడా చేజారుతుంది. పెద్దది ఇప్పుడు ‘బిట్వీన్ యూ అండ్ ఐ’ అనడం మొదలుపెట్టింది. ‘మీ అండ్ హర్ వెంట్’ అనకూడదు, ‘షీ అండ్ ఐ’ అనాలి అని బడిలో దిద్దగా దిద్దగా, ‘అండ్’ ఉన్న ప్రతి చోటా ‘ఐ’ పెట్టడమే మర్యాద అని ఆమె అనుకుంటున్నది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారిలో కూడా ఈ పొరపాటు వినబడుతూనే ఉంటుంది. నేను ఆమెను తెలుగులో చెప్పమన్నాను. ‘నీకూ నాకూ మధ్య’ అంది. ‘నీకూ నేనూ మధ్య’ అనవచ్చా అంటే, అదేం మాట అని నవ్వింది. కొద్దిసేపు నోట్‌బుక్కులో రాసుకున్న వాక్యం వైపు చూసి, ‘ఐ’ కొట్టేసి ‘మీ’ రాసుకుంది.