ఏం కూరో బోర్డే చెబుతుంది

గత జూన్‌లో పాప స్కూల్ ఫీజు, ఇంటద్దె పెంపు ఒకేసారి మీద పడ్డాయి. గుంటూరులో మాది నలుగురి సంసారం. వంటింటి ఖర్చు నెలకు ఎంతవుతుందో నేనెప్పుడూ లెక్క చూడలేదు. ఆ నెలంతా పాప పాత నోట్‌బుక్‌లో ప్రతి రూపాయీ రాశాను. మొత్తం 13 వేలు దాటింది. బియ్యం, నూనెల ఖర్చు తెలిసిందే. వీధి చివర కొట్లో రోజూ పావుకిలో, అరకిలో తెచ్చే కూరగాయలకి, సాయంత్రం టిఫిన్లకి ఎంత పోతోందో చూసి గుండె ఝల్లుమంది.

టిఫిన్ల సంగతి వారానికి రెండుసార్లు పిండి రుబ్బడంతో తేలిపోయింది. కూరగాయలకే పద్ధతంతా మార్చుకోవాల్సి వచ్చింది. ఇదివరకు ఇవాళ బెండకాయ వేపుడు అనుకుని బయల్దేరేదాన్ని, రేటు ఎంతున్నా కొనేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే పట్టాభిపురం రైతు బజార్‌కి వెళ్లి ముందు ధరల బోర్డు చదువుతాను. ఏది దిగితే ఆ వారం కూర అదే. దోసకాయ చవకైతే ఓ రోజు పప్పులోకి, ఓ రోజు రోటి పచ్చడికి. టమాటా మండిపోతుంటే దాని జోలికే పోను, గోంగూర తెస్తాను. రెండు కట్టల ఆకు నూనెలో దగ్గరపడేదాకా మగ్గించి పెట్టుకుంటే సగం పప్పులోకి, సగం ఎండుమిర్చితో పచ్చడికి వస్తుంది. ఆ రోజు పచ్చి ఉల్లిపాయ నంజుకుని తింటారు, ఇంకో కూర అడగరు.

కందిపప్పు దగ్గర మాత్రం బాగా దెబ్బతిన్నాను. టోకున చవకని జులైలో 10 కేజీలు తెచ్చి అలాగే డబ్బాలో పోశాను. ముసురు పట్టిన రోజులు. సెప్టెంబర్‌కల్లా పురుగు పట్టి 4 కేజీలు పోయాయి. ఆ రోజు ఏడుపొచ్చింది. అత్తయ్య తిట్టలేదు, పక్కన కూర్చుని చెప్పింది: “పప్పు కొత్త పంట వచ్చాక కొనాలమ్మా. రెండెండలు పెట్టి, పూర్తిగా చల్లారాక పొయ్యాలి. వేడి మీద మూతపెడితే చెమట పట్టి మక్కిపోతుంది.” ఫిబ్రవరిలో అలాగే చేశాం. పల్చగా ఆముదం కూడా పట్టించింది. ఇప్పుడు చెయ్యి పెడితే గలగలమంటోంది. వండేముందు అరగంట నానబెడుతున్నా, మూడు విజిల్స్‌కే మెత్తగా ఉడుకుతోంది. నెల తిరక్కుండా అయిపోయే సిలిండర్ ఇప్పుడు 40 రోజులొస్తోంది.

బియ్యం మాత్రం తగ్గించలేదు. బాపట్లలో పుట్టిన బీపీటీ రకమే, పాతవే కొంటాను. కేజీకి కాస్త ఎక్కువైనా అన్నం ఒదుగుతుంది, పాప ఇష్టంగా తింటుంది.

పోయిన నెల లెక్క 9,200. కారం ప్యాకెట్లు కూడా మానేద్దామని మిర్చి 5 కేజీలు తెచ్చాం. తేజ రకం, ఘాటెక్కువ, కూరలో కొంచెం వేస్తే చాలు. మేడ మీద ఎండుతున్నాయి. రేపు నేనూ అత్తయ్యా తొడిమలు తీసి మరకి పంపాలి.