మా ఇంటిపేరుని సీ దగ్గర వెతికితే దొరకలేదు

ఇదంతా మా తమ్ముడి వీసా పనితో మొదలైంది. వాడి పాస్‌పోర్టులో చందవోలు, నాన్న పదో తరగతి సర్టిఫికెట్‌లో చందోలు, ఆధార్‌లో ఎక్కడో ఒక ఏ ఎక్కువ, ఓటర్ల లిస్టు తెలుగులో చూస్తే ద కాస్తా డ అయిపోయి చండవోలు. కౌంటర్ దగ్గరాయన కాగితాలన్నీ పక్కపక్కన పరిచి, వీళ్ళంతా ఒకే ఇంటివాళ్ళని నేనెలా నమ్మాలండీ అన్నాడట. ఆయన్ననడానికి కూడా లేదు. సరే, సేమ్ పర్సన్ అఫిడవిట్ అంటారుగా, స్టాంప్ పేపర్ కొని నోటరీ దగ్గర అది చేయించేశాం, తమ్ముడి పని అయిపోయింది. నా పని మాత్రం అక్కడ మొదలైంది, ఎందుకంటే ఆ కాగితాల కోసం నాయనమ్మ ట్రంకు పెట్టె తెరిచాం.

అందులో తాత కొన్న పొలం దస్తావేజు ఒకటుంది. ముప్పైల నాటిది, మడతల దగ్గర చిరిగితే వెనకనుంచి పాత పంచాంగం ముక్క అన్నం మెతుకులతో అంటించారు, ఆ మెతుకులు ఎండి ఇప్పటికీ చేతికి గరుగ్గా తగులుతాయి. లోపల తెలుగులో చందవోలు అనే ఉంది. వెనకాల రిజిస్ట్రేషన్ గుమాస్తా ఇంగ్లీషులో గిలికిన చోట మాత్రం మొదటి అక్షరం సీ కాదు, టీ. దాని పక్కన ఎస్, ఆ తర్వాత ఏ ఎన్ డీ. ట్సందవోల్. తమ్ముడు ఒకటే నవ్వు, ఆ రోజుల్లోనూ స్పెల్లింగ్ ఇంతేనా అని.

నేనూ నవ్వాను గానీ తర్వాత ఆలోచిస్తే ఆ గుమాస్తా చెవి మనకన్నా చాలా నయం అనిపించింది. చలి, చాప, చుట్టం అని పైకి అని చూడండి, తర్వాత చేప, చీమ, చెట్టు అనండి. రెండు చ లూ ఒకటి కాదు, మొదటిదానికి నాలుక పళ్ళ వెనక తగులుతుంది. పాత నిఘంటువుల్లో ఆ చ మీద చిన్న తెలుగు రెండు అంకె వేసి చూపించేవాళ్ళు, ఇప్పుడు ౘ అని దానికి 2008 నుంచి యూనికోడ్‌లో చోటు కూడా ఉంది గానీ ఎవరు వాడుతున్నారు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో దాన్ని టీ ఎస్ తో రాసేవాళ్ళు. తెనాలి పక్కన చుండూరుని కూడా ఇంగ్లీషులో టీ ఎస్ తో రాయడం చాలామంది చూసే ఉంటారు, అదీ ఇదే లెక్క.

ఇది తెలిశాక అదే పెట్టెలో ఉన్న ఒక పోస్టుకార్డు మళ్ళీ తీశాను. ఖరగ్‌పూర్ నుంచి మా చిన్నతాత రాసింది. బీఎన్ఆర్‌లో, అంటే బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని దొరికి వెళ్ళిపోయాడు, పంపకాల దగ్గర తాతకీ ఆయనకీ మాట తేడా వచ్చి తర్వాత రాకపోకలు ఆగిపోయాయి. ఫ్రమ్ అడ్రస్‌లో ఆయన పేరు ముందు టీ. ఎస్. అని ఉంది. ఇన్నేళ్ళూ మా ఇంట్లో అందరూ అవి రెండు ఇనిషియల్స్ అనుకున్నారు, టీ అంటే తెనాలి అయ్యుంటుందని నాన్న తేల్చేశారు కూడా. ఒక్క అక్షరమని ఎవరికీ తట్టలేదు. మా వాళ్ళ కోసం నేను ఫేస్‌బుక్‌లో ఎప్పట్నుంచో వెతుకుతున్నాను, సీ దగ్గర.

ఈలోగా ఇంకో తెలివితక్కువ పని చేశాను. ఊరి పేరే ఇంటిపేరు కదా, ఊరికే వెళ్తే పోలా అని చందవోలు బస్సెక్కాను. చిన్న ఊరే గానీ చరిత్ర పెద్దది, పన్నెండో శతాబ్దంలో వెలనాటి చోళులకి రాజధాని, శాసనాల్లో ధనదపురం అంటారు. బండ్లమ్మ తల్లి గుడికెళ్ళి దణ్ణం పెట్టుకుని, బయట టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయనతో మాట కలిపాను. మా వాళ్ళ ఇల్లు ఎక్కడుండేదో కనుక్కుందామని వచ్చానండీ అన్నాను.

“ఇంటిపేరేంటి బాబూ?”

“చందవోలు అండీ.”

“ఊరు సరేనయ్యా, ఇంటిపేరు?”

అదేనండీ ఇంటిపేరు అంటే ఆయన గ్లాసు కింద పెట్టి నవ్వాడు. ఈ ఊళ్ళో ఆ ఇంటిపేరు ఎందుకుంటుంది బాబూ, ఇక్కడ ఎవర్ని చూసి ఎవరు చందోలు వాళ్ళు అంటారు, అందరూ చందోలు వాళ్ళేగా అన్నాడు.

నాకు అక్కడే మొహం మాడిపోయింది. అవును కదా. కందుకూరి వాళ్ళు కందుకూరు వదిలాకే కందుకూరి వాళ్ళయ్యుంటారు. కొత్త ఊళ్ళో జనం “ఆ చందోలు నుంచి వచ్చినాళ్ళు” అని పిలిచిన పిలుపే మనకి పేరుగా అంటుకుంటుంది. మా ఇంటిపేరు మేం పెట్టుకున్నది కాదు, పక్కింటివాళ్ళు పెట్టింది. మరి చందవోలులో ఉన్నప్పుడు మా ఇంటిపేరు ఏంటి?

ఇంట్లో ముత్తాత రాసుకున్న లెక్కల పుస్తకం ఒకటుంది, వడ్లు అప్పిచ్చిన లెక్కల మధ్య ఒకచోట “నందన సం॥లో చందవోలు నుండి వచ్చితిమి” అని ఒక్క లైను. నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ అది డొక్కల కరువప్పటి మాట అనేది. 1832-33 గుంటూరు కరువు నందనలోనే వచ్చింది నిజమే, జిల్లాలో అయిదు లక్షల జనముంటే రెండు లక్షల దాకా పోయారంటారు, పడి ఉన్న జనం డొక్కలు బయటపడి కనిపించేవట, అందుకే ఆ పేరట. కానీ నందన అరవై ఏళ్ళకోసారి వస్తుంది, 1892-93 కూడా నందనే. ఏ నందన? మన సంవత్సరాలతో ఇదే గొడవ, పేరుంటుంది గానీ నంబరుండదు.

ఖరగ్‌పూర్‌లో రైల్వే తెలుగువాళ్ళు బోలెడంత మంది. మా ఆఫీసులో ఒకతని అమ్మానాన్నలు అక్కడే ఉంటారని తెలిసి, ఈసారి టీఎస్ అని చెప్పి వెతికించాను. రెండు వారాల్లో ఫోన్ నంబరొచ్చింది. చిన్నతాత కూతురు, నాకు అత్త వరస, డెబ్బై దాటాయి. నువ్వు ఎవరి మనవడివిరా అని మొదలుపెట్టి, మా తాత పేరు చెప్పగానే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, “మేం టీఎస్ వాళ్ళమేరా, మా అన్నయ్య పిల్లలు ఆ ఎస్ కూడా తీసేశారు, ఇప్పుడు ఉత్త టీయే. ఆ టీ అంటే ఏంటి నాన్నా అని మనవడు బడికెళ్ళేటప్పుడు అడిగితే మా అన్నయ్య కొడుకు తాడేపల్లి అని చెప్పాడంట, ఏదోటి చెప్పాలిగా.”

ఇప్పుడు ఆ పిల్లాడి సర్టిఫికెట్లలో తాడేపల్లి అని నిజంగానే ఎక్కేసిందట. ఇంకో వందేళ్ళ తర్వాత వాడి మునిమనవడెవడో తాడేపల్లి వెళ్ళి టీ కొట్టు దగ్గర కూర్చుంటాడు, పాపం.

అసలు సంగతి అత్తే చెప్పింది. వాళ్ళ నాన్న రిటైరయ్యాక గయ వెళ్ళి పిండాలు పెట్టినప్పుడు, పండా, అంటే అక్కడ పిండాలు పెట్టించి వచ్చినవాళ్ళ వంశాలు పుస్తకాల్లో రాసిపెట్టుకునే పురోహితుడు, గుంటూరు జిల్లా పుస్తకం ఎంత తిరగేసినా మన వాళ్ళెవరూ లేరట, కృష్ణా జిల్లా పుస్తకం తియ్యవయ్యా అంటే దొరికారట. వింటూనే నాకు వెలిగింది. ఇప్పటి గుంటూరు జిల్లా 1904లో పుట్టింది, దానికి ముందు ఆ చుట్టుపక్కలంతా కృష్ణా జిల్లా, 1859కి ముందు మళ్ళీ పాత గుంటూరు జిల్లా. ఇప్పుడు 2022 నుంచి బాపట్ల. ఊరు ఉన్నచోటే ఉంది, నాలుగు జిల్లాలు మారింది. పాత రికార్డులు వెతికేవాళ్ళెవరైనా ముందు ఇది చూసుకోండి, స్పెల్లింగ్ కన్నా ఎక్కువ తిప్పలు ఇదే పెడుతుంది.

మాఘంలో గయ వెళ్ళాను. పితృపక్షంలో వెళ్తే ఆ రద్దీలో పండాకి మన మాట వినే తీరికుండదు, మామూలు రోజుల్లో వెళ్ళడమే మేలు. అత్త చెప్పిన పండా లేడు, వాళ్ళబ్బాయి ఉన్నాడు, నాకన్నా మంచి తెలుగు మాట్లాడతాడు. ఎర్రగుడ్డ చుట్టిన పొడుగాటి పుస్తకం తెచ్చి, కాగితాలు పైకి తిప్పుతూ, చందవోల్ చందవోల్ అనుకుంటూ వెళ్ళి ఒకచోట వేలు పెట్టాడు. పైన వాళ్ళ లిపిలో ఊరు, జిల్లా, సంవత్ 1941. అది విక్రమ శకం లెక్క, మన లెక్కలో 1884 అన్నమాట. కింద తెలుగులో గొలుసుకట్టు రాతలో మా ముత్తాత నాన్న చేవ్రాలు, ఆయన పేరూ ఆయన తండ్రి పేరూ లెక్కల పుస్తకంలో ఉన్నవే. కాపురం చందవోలు అని స్పష్టంగా ఉంది. కాబట్టి కరువు కథ కాదు, 1884లో ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు, మేం వచ్చింది రెండో నందనలో. నాయనమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు.

పేరుకి ముందు ఇంటిపేరు కూడా రాశాడాయన. సరిగ్గా అక్కడే నీళ్ళు పడ్డ మరక. ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టుకుని, పండా అబ్బాయి భూతద్దం తెచ్చి, ఇద్దరం తలలు ఆనించి అరగంట చూశాం. చివరి రెండక్షరాలే దక్కాయి. పాటి.

ఇంటిపేరు చివర పాటి అంటే పాడుతో ముగిసే ఊరి పేరు, అంటే ఇంకో ఊరు. అద్దంకి, ఒంగోలు, బాపట్ల చుట్టూ పాడులు ఎన్ని ఉన్నాయో మ్యాప్‌లో లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దాటాక ఆపేశాను. ఫోటో తీసి తమ్ముడికి పంపితే వాడు అక్కడనుంచి ఒకటే మెసేజ్ పెట్టాడు, అన్నయ్యా దండం పెడతా, ఇది నాన్నకి చెప్పకు, మళ్ళీ అఫిడవిట్ అంటారు అని.