అనాటమీ లాగ్: ముంజేయి అయింది, ఇక ఛాతీ

శరీర నిర్మాణం నేర్చుకోవడానికి గీస్తున్న వాటిలో ముంజేయి, అరచేయి బొమ్మ పూర్తయింది. మోచేయి నుంచి వేళ్ల కొసల దాకా నాలుగు ట్రేసింగ్ షీట్లు పట్టాయి. అడుగున ఎముకలు, వాటి మీద కండరాలు, తర్వాత రక్తనాళాలు, అన్నిటికన్నా పైన నాడులు. మూలల్లో ప్లస్ గుర్తులు పెట్టుకుంటే షీట్లు సరిగ్గా కూర్చుంటాయి. రంగులు అనాటమీ బొమ్మల పుస్తకాల్లో (అట్లాసుల్లో) వాడేవే: ధమనులు ఎరుపు, సిరలు నీలం, నాడులు పసుపు. చెమటకు ట్రేసింగ్ పేపర్ ముడతలు పడుతుంది కాబట్టి గీసేటప్పుడు చేతి కింద మామూలు కాగితం ఉండాలి.

వ్యవస్థల వారీగా కాకుండా శరీర భాగాల వారీగా వెళ్తున్నాను. అస్థిపంజరం మొత్తం ఒకేసారి పట్టుకుంటే 206 పేర్లు బట్టీ కొట్టడమే మిగులుతుంది. అదే ఒక చేతిని తీసుకుంటే ఎముక, దాన్ని కదిలించే కండరం, రక్తం తెచ్చే ధమని, ఆజ్ఞ మోసుకొచ్చే నాడి పక్కపక్కనే దొరుకుతాయి.

ప్రతి షీటు మీదా ముందు భంగిమ రాసుకుంటున్నాను: నిటారుగా నిలబడి, చేతులు పక్కలకు, అరచేతులు ముందుకు. దిక్కులు చెప్పే పదాలన్నీ దీని ప్రకారమే. శరీరం మధ్యగీతకు దూరంగా ఉన్నది లేటరల్, దగ్గరగా ఉన్నది మీడియల్. అందుకే ముంజేతి రెండు ఎముకల్లో బొటనవేలు వైపున్న రేడియస్ లేటరల్, చిటికెన వేలు వైపున్న అల్నా మీడియల్. చెయ్యి ఎటు తిప్పినా ఈ పేర్లు మారవు. కుడి ఎడమలు కూడా బొమ్మలోని మనిషివే, చూసేవాళ్లవి కావు.

గీసేముందు ప్రతిదీ తడిమి చూస్తున్నాను. మోచేతి మొన నుంచి చిటికెన వేలి వైపు నొక్కుకుంటూ వస్తే అల్నా మణికట్టు దాకా దొరుకుతుంది. రేడియస్ పైభాగం కండరాల కింద ఉంటుంది, మణికట్టు దగ్గరే బాగా తెలుస్తుంది. అరచేతిని బోర్లా తిప్పితే అల్నా దాదాపు ఉన్నచోటే ఉంటుంది, రేడియస్ దాని మీదుగా అడ్డంగా వస్తుంది. ఇది విడిగా గీయాల్సిందే, నాకైతే చేతి మొత్తంలో ఇదే ఇష్టమైన భాగం.

చేతి ఎముకలు 27: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. వేళ్లను ముడిచే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి, వేళ్లలోకి వెళ్లేవి వాటి టెండన్లే, అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాళ్లే. ఒక చేత్తో ముంజేయి పట్టుకుని రెండో చేతి వేళ్లు ఆడిస్తే లోపలి కదలిక తెలిసిపోతుంది. మణికట్టులోని ఇరుకు దారి అయిన కార్పల్ టనెల్‌లో 9 టెండన్లు, మీడియన్ నాడి ఇరుక్కుని ఉంటాయి. ఆ చోటు షీటు మీద పట్టదు, పక్కన అడ్డకోత బొమ్మ పెద్దదిగా వేసుకోవడం మేలు.

బొటనవేలు, చిటికెన వేలు కలిపి మణికట్టు కాస్త వంచితే మధ్యలో తాడులా లేచేది పాల్మారిస్ లాంగస్ అనే కండరపు టెండన్. కొందరికి ఆ కండరం అసలు ఉండదు, దానివల్ల ఇబ్బందీ ఉండదు. నాకు ఎడమ చేతికే ఉంది, అందుకే బొమ్మ ఎడమ చేతిది.

ఇక ఛాతీ. పక్కటెముకలు లెక్కపెట్టడానికి మెడ కింది గుంట నుంచి రొమ్ము ఎముక మీదుగా వేలు దించితే అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. దానికి ఆనుకుని ఉన్నది రెండో పక్కటెముక. మొదటిది కాలర్ బోన్ కింద దాక్కుంటుంది కాబట్టి లెక్క ఇక్కడి నుంచే. మొత్తం 12 జతలు, చివరి 2 జతలు ముందువైపు దేనికీ అతకవు. రంగుల దగ్గర ఒక్క చిక్కు: గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ధమనిలో ఉండేది ఆక్సిజన్ తక్కువున్న రక్తం. దాన్ని నీలంతోనే వేసి, రక్తం వెళ్లే దిశకు బాణం గీస్తాను. పక్కటెముకల షీటు ముందు, గుండె ఆ తర్వాత.