నేను నేనేనని ఒప్పుకోలేదు

ఆన్‌లైన్ పరీక్షకు ముందు కంప్యూటర్ కెమెరా నా ముఖాన్ని గుర్తింపు కార్డులోని ఫొటోతో పోల్చింది. సరిపోలలేదు. కళ్లజోడు తీశాను, కిటికీ తెర వేశాను, టేబుల్ లైటు ముఖం మీదికి తిప్పాను. నాలుగోసారికి గానీ నన్ను నేనని ఒప్పుకోలేదు. ఫొటో తొమ్మిదేళ్ల నాటిది, తప్పంతా యంత్రానిదే అనలేను.

2013లో ఆన్‌లైన్ కోర్సుల వేదిక కోర్సెరా అయితే ధ్రువపత్రం కోసం ఫొటోతో పాటు టైపు చేసే తీరునూ చూసేది. చేతిరాతలాగే వేళ్లకూ ఒక నడక ఉంటుందన్నమాట. మరి చెయ్యి బెణికిన రోజు?

పైగా ఇవన్నీ ఎదురుగా కూర్చున్నది ఎవరో చెబుతాయి గానీ, వ్యాసం రాసింది ఎవరో చెప్పవు. అందుకే నా విద్యార్థులతో ఐదు నిమిషాలు మాట్లాడతాను. "మూడో పేరాలో ఈ ఉదాహరణే ఎందుకు?" అంటే, రాసినవారు ఆపకుండా చెబుతారు. మొన్న ఒకరు ఆ పేరాను తొలిసారి చూస్తున్నట్టు కూడబలుక్కుంటూ చదివారు.