గంజాయి పొట్లాలు, పోలీసుల ప్రాధాన్యాలు

విశాఖ మన్యంలో 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు వేల ఎకరాల గంజాయి తోటలను నరికివేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపాన సుమారు 2 లక్షల కిలోల సరుకును తగులబెట్టారు. 2024 నవంబరులో మాదకద్రవ్యాల కట్టడికి ఈగల్ అనే ప్రత్యేక పోలీసు విభాగం, ఫిర్యాదులకు 1972 నంబరు వచ్చాయి. ఇవి చిన్న పనులు కావు.

అయినా మా విశాఖలో తల్లిదండ్రులను భయపెడుతున్నది లారీలో పట్టుబడే సరుకు కాదు, సందు చివర చేతులు మారే చిన్న పొట్లం. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయిలో కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. మొదటిదానికి శిక్ష ఏడాదికి మించదు, రెండోదానికి కనీసం పదేళ్లు. కాబట్టి పోలీసుల దృష్టి పెద్ద సరుకుపైకి పోవడం సహజమే కానీ, పొట్లాలుగా విడగొట్టి అమ్మేవాడు ఆ చాటునే బతుకుతున్నాడు.

కాలేజీల పరిసరాల్లో సాయంత్రపు గస్తీ క్రమం తప్పకుండా జరగాలనీ, ఫిర్యాదు చేసినవారి పేరు ఎట్టి పరిస్థితిలోనూ బయటికి పొక్కకూడదనీ నేను గట్టిగా కోరుతున్నాను. పేరు బయటపడుతుందన్న అనుమానం ఉన్న వీధిలో ఎవరు ఫోను చేస్తారు? అలవాటుపడిన పిల్లవాడు తానుగా చికిత్సకు ముందుకొస్తే, అతడిని విచారణ నుంచి మినహాయించే 64ఏ సెక్షన్ అదే చట్టంలో ఉంది. దాని గురించి ప్రతి స్టేషన్‌లోనూ తల్లిదండ్రులకు చెప్పాలి.